గెడ్డ ఒడ్డున తెల్లటి వీపు

నేను ఒక గుడ్డ పోస్టరును. గుంటూరులోని ఒక ప్రింటింగ్ షాపులో, యంత్రం నా మీద అటూ ఇటూ పాకుతుంటే, కలలోలాగా నీలమూ పసుపూ తాగుతూ పుట్టాను. నా మీది అక్షరాలు వారిజవి. ఆమె ఐదేళ్లుగా మిణుగురుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. తేల్చిన సంగతి నా అడుగున పెద్దగా ఉంది: తూర్పు కొండల్లో ఒకేసారి వెలిగే మిణుగురులు ఇక లేవు.

విశాఖపట్నంలో జరిగే సదస్సుకు బయలుదేరేటప్పుడు ఆమె గైడు అన్నారు: "పోయిన రెండుసార్లూ నీ పోస్టరు దగ్గర ఎవరూ ఆగలేదమ్మా. ఈసారీ అంతే అయితే టాపిక్ మార్చేద్దాం."

వారిజ బస్సులో నన్ను చీరలా మడిచి ఒళ్లో పెట్టుకుంది.

అక్కడ వాలంటీర్లు చాలలేదంటే కాదనలేక, బ్యాడ్జీలు పంచే బల్ల దగ్గర నిలబడింది. నేను ఒంటరిగా వేలాడాను. ఇద్దరు నా ముందు నిలబడి తమ ఫోటో తీసుకున్నారు. ఒక ప్రొఫెసరుగారు నాకు ఆనుకుని ఫోనులో పావుగంట మాట్లాడారు. నా వైపు చూడలేదు.

టీ గ్లాసులు ఏరడానికి వచ్చిన సింహాద్రమ్మ మాత్రం ఆగింది. చదవడం రాదు, నా మీది పురుగుల బొమ్మనే చూస్తోంది. అప్పుడే వారిజ పరుగున వచ్చింది.

"ఏటమ్మా ఇయ్యి? మిణుగురులేనా?"

"అవునమ్మా. అన్నీ ఒక్కసారే వెలిగే రకం. ఇప్పుడు లేవు."

"లేకపోడమేటి? మా వూరి గెడ్డ కాడ సెట్టు సెట్టంతా ఒక్కపాలే ఎలుగుతాది, ఒక్కపాలే ఆరతాది. నాను సూత్తనే ఉన్నాను."

వారిజ ముఖం పాలిపోయింది. ఐదేళ్ల మాట! పెన్ను తీసి నా చివరి వాక్యాన్ని కొట్టేసింది. వెంటనే గైడుకు ఫోను చేసింది.

"టాపిక్ మార్చను సర్. తప్పు రాశాను, దిద్దుకుంటాను."

ఆదివారం సింహాద్రమ్మ వెంట వాళ్ల ఊరి కొండ ఎక్కాం. పొద్దు వాలింది. తడిగడ్డి మీద నన్ను బోర్లా పరిచి ఇద్దరూ కూర్చున్నారు. ఆమె చెప్పిన గెడ్డ ఈ వాగే; దాని చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో ఎదుటి చెట్టు మొత్తం వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

"సూసినావా?" అంది సింహాద్రమ్మ.

వారిజ ఆమె చెయ్యి పట్టుకుంది. ఏ అక్షరమూ లేని నా వీపు మీద ఒక మిణుగురు వాలి, చెట్టుతోపాటే వెలిగింది.