రావియా చేతివాసి

ఠక్.

చెక్క మీద చెక్క పడింది. పక్క మేడ మీది పావురాలు ఒక్కసారిగా లేచాయి.

బూడిద రంగువి, తెల్లవి, గోధుమ తోకలవి... కైరోలోని బూలాక్ వీధి మీదుగా ఒక చుట్టు చుట్టి, ఎండకు అడ్డంగా పోయి, మళ్లీ లేచిన చోటే వాలాయి.

కింద రోడ్డు మీద దూడ నెత్తురు ఇంకా ఆరలేదు. సినిమా మొదలుపెట్టే రోజు దూడను కోస్తారు. అరచెయ్యి ఆ నెత్తుట్లో ముంచి కెమెరా పెట్టె మీద అద్దుతారు. మాంసం వీధిలో వాళ్లకు పంచుతారు. దిష్టి పోవాలి కదా. ఆ తర్వాత అందరూ ఒకే ముఖం వైపు తిరుగుతారు.

రావియా ముఖం వైపు.

ఆమె క్లాప్ కొడితేనే తొలి షాట్. ఆమె కొట్టాకే టీ.

"అయిపోయింది! ఇక ఈ సినిమాకి ఢోకా లేదు," అన్నాడు నిర్మాత హాజీ బసియూనీ, వేళ్ల మధ్య జపమాల తిప్పుకుంటూ. "నీ చెయ్యి చల్లగుండాలి తల్లీ!"

చప్పట్లు కొట్టారు. పని మొదలైంది. ఇంకో సినిమా మొదలయ్యేదాకా ఆమె ముఖంతో ఎవరికీ పనిలేదు.

*

చాలా చిన్న సంగతితో మొదలైంది ఇదంతా.

అప్పుడామె మూడో అసిస్టెంటు. క్లాప్ కొట్టాల్సిన మనిషి నైలు వంతెన మీద ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడు. "నువ్వు కొట్టవే పిల్లా," అన్నారు. కొట్టింది. ఆ సినిమా ఎండాకాలం పోయి చలికాలం వచ్చినా ఆడుతూనే ఉంది. అలెగ్జాండ్రియాలో జనం తోపులాటకు కుర్చీలు విరిగాయి.

తర్వాతి సినిమాకూ కొట్టింది. అదీ ఆడింది.

ఆ పై సినిమాకు ఆమె కోసం కారు పంపారు.

అప్పటినుంచి కైరోలో రావియా పేరు చెబితే ఎవరికీ ఆమె పని గుర్తు రాదు, శకునం గుర్తొస్తుంది. నక్కతోక తొక్కినవాళ్లు సినిమాల్లో చాలామందే ఉంటారు. ఆ తోక తనదేనని ఆమెకు నవ్వొచ్చేది. కొన్నాళ్లకు నవ్వు కూడా మానేసింది.

ఆమెకు పని వచ్చు.

ఈ ముక్క ఎవరూ అనలేదు కాబట్టి ఇక్కడైనా అనుకోవాలి. బాగా వచ్చు.

ఒక సినిమాలో కొడుకు జైలుకు పోతాడు. కబురు విన్న తల్లి గుండెలు బాదుకుని ఏడవాలి. అలాగే రాసుంది. రావియా డైరెక్టర్ చెవిలో మెల్లగా అంది — "ఏడవనివ్వకండి సార్. రోజూలాగే రెండు గ్లాసుల్లో టీ పొయ్యనివ్వండి. రెండోది చల్లారేదాకా చూస్తూ కూర్చోనివ్వండి."

హాలు హాలంతా ఏడ్చింది. డైరెక్టర్ మనసు ఎంత లోతో అని పేపర్లు రాశాయి. ఆయన మంచివాడే, ఆమెకు పళ్లెం నిండా బస్బూసా మిఠాయి పంపాడు. "అంతా నీ చేతివాసి రావియా," అని కబురు కూడా చెప్పించాడు.

చేతివాసి అన్నాడు... బుర్ర అనలేదు.

ఆ మిఠాయి మేడ మీద ఒక్కతే కూర్చుని తింది.

*

షుబ్రా పేటలో ఆమె ఉండే మేడ మీద ఒక పావురాల గూడు ఉంది. కర్రలు, పలకలు పేర్చి ఆకాశంలోకి కట్టినది. అదే ఇంట్లో ఉండే గిర్గిస్ బాబాయిది. ఒకప్పుడు ట్రాం నడిపేవాడు. ఇప్పుడు సాయంత్రమైతే జెండా ఊపి, ఈల వేసి, పావురాలను ఎగరేస్తాడు. చుట్టుపక్కల మేడల వాళ్లూ ఎగరేస్తారు. గుంపులు గాలిలో కలుస్తాయి, విడిపోతాయి. దారి తప్పిన పిట్ట ఎవరి గూటి మీద వాలితే ఇక వాళ్లదే. తగువులేదు. అడగడాలు లేవు.

"మరి పెంచినవాడి గతేంటి బాబాయ్?"

"పెంచినవాడు మెడ నొప్పెట్టేదాకా పైకి చూడాలి. ఆనక దిగిపోయి అన్నం తినాలి."

ఆ మేడ మీదే రావియా తన కథ రాసుకుంది.

ఒక విధవ. పోయిన మొగుడి పావురాలు. ఆమెకు ఈల వెయ్యడం రాదు.

అంతే కథ.

ఆ కాగితాలు తీసుకెళ్లి హాజీ బసియూనీకి ఇచ్చింది. ఆయన వాటిని టీ పళ్లెం కింద పెట్టాడు. ఆమె వెళ్లినప్పుడల్లా అవి అక్కడే ఉండేవి, పై కాగితం మీద గ్లాసు మరకలు గుండ్రంగా పెరుగుతూ.

"చదివారా హాజీ గారూ?"

"చదువుతా తల్లీ. ఈ కళ్లద్దాలొకటి మార్పించుకోవాలి."

ఇంకోసారి అడిగితే అందరి ముందూ నవ్వాడు. "నువ్వు డైరెక్టరువై కూర్చుంటే మాకు క్లాప్ ఎవరు కొడతారే? పెళ్లికూతురు తన గోరింటాకు తనే పెట్టుకుంటుందా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

ఇక ఈ అదృష్టాన్నే వదిలించుకోవాలనుకుంది. ఒక్క సినిమా పోతే చాలు, తనను మామూలు మనిషిగా చూస్తారు. మామూలు మనిషైతే అప్పుడు కథ వింటారు.

ఆ తర్వాతి సినిమా తొలిరోజు కావాలని ఎడమకాలు ముందు పెట్టి వచ్చింది. బిస్మిల్లా అనలేదు. క్లాప్ కూడా నీరసంగా కొట్టింది, రెండు చెక్కలూ సరిగా కలవనే లేదు.

పాపం... ఆ సినిమా అన్నిటికంటే బాగా ఆడింది.

*

అప్పుడు హాజీకి ఒక ఆలోచన వచ్చింది.

"అందరికీ అదృష్టం పంచే చెయ్యి, తన సినిమా తనే తీసుకుంటే? వెన్న చేత పట్టుకుని నేతికి తిరుగుతున్నాన్రా నేను!" అన్నాడు మేనేజరుతో. రావియాను పిలిపించాడు. "తియ్యి తల్లీ నీ సినిమా."

ఆమె బల్ల వైపు చూసింది. కాగితాలు పళ్లెం కిందే ఉన్నాయి. దుమ్ము కూడా కదల్లేదు.

చదవలేదు.

ఇన్నేళ్లు ఎదురుచూసిన తలుపు తెరుచుకుంది. తెరిచింది మాత్రం ఆమె రాసిన కథ కాదు, ఆమె చెయ్యి. వద్దని లేచి రావాల్సింది. రాలేదు. ఆకలిగా ఉన్నవాళ్లు వడ్డించే చేతిని చూడరు, పళ్లేన్ని చూస్తారు.

తొలిరోజు దూడను కోశారు. నెత్తుటి అరచేతులు అద్దారు. క్లాప్ బోర్డు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆమే తీసుకుంది. తన ముఖం ముందు తనే పట్టుకుని కొట్టుకుంది.

ఠక్.

తర్వాత కెమెరా వెనక్కి నడిచింది. ఆ నాలుగడుగుల కోసమే ఆమె బతికింది అనిపించింది.

గిర్గిస్ బాబాయి మేడ మీదే తీసింది, ఆయన పావురాలతోనే. ఒక షాట్ ఉంది. విధవ ఈల వెయ్యబోతుంది. గాలి తప్ప ఏమీ రాదు. పావురాలు మాత్రం... ఎవరో పిలిచినట్టు ఆకాశంలో ఒక్కసారి, అన్నీ కలిసి, తిరుగుతాయి. రెక్కల అడుగుభాగాలన్నీ ఒకేసారి తెల్లగా మెరుస్తాయి.

దానికోసం రోజూ సాయంత్రం కాచుకుంది. వెలుగు ఎటు పడుతుందో చూసుకుంది. కెమెరా జరిపింది, మళ్లీ జరిపింది. ఫిల్మ్ దండగని అందరూ గొణిగారు. ఒక సాయంత్రం అవి తిరిగాయి.

అది తన పనితనమా? పావురాల దయా?

ఆ సంగతి ఆమెకు తెలియలేదు. ఎవరైనా చూసి చెబుతారని అనుకుంది. ఆమె సినిమా తీసింది ఆ ఒక్క మాట కోసమే.

*

సినిమా విడుదలైన వారం ఖమాసీన్ గాలి లేచింది.

ఎడారి మొత్తం లేచి ఊరి మీద పడింది. పసుపు పచ్చని పగలు. పళ్ల కింద ఇసుక. తలుపుల సందుల్లో తడిగుడ్డలు కుక్కుకుని కైరో అంతా ఇంట్లో కూర్చుంది.

హాల్లో రావియా ఉంది. టికెట్లు చింపే మనిషి కూర్చుని నిద్రపోయాడు. తలపాగా ముఖానికి చుట్టుకుని గిర్గిస్ బాబాయి వచ్చాడు.

తెర మీద పావురాలు తిరిగాయి. ఆమె ఆయన వైపు చూసింది.

బాబాయి కళ్లలో నీళ్లు.

దీపాలు వెలిగేదాకా ఎలాగో ఓర్చుకుంది.

"ఎలా ఉంది బాబాయ్?"

"గోధుమ తోకది చూశావా అమ్మాయీ?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "గుంపు కొసన కనబడింది. మొన్నే ఆ మూల మేడ వాడి గూట్లో వాలిపోయింది ముండ... అది మన దగ్గరున్నప్పటి ఎగురుడు, చూశావా!"

"చూశాను బాబాయ్."

గాలి ఆగేసరికి ఆ హాల్లో వేరే సినిమా పడింది.

హాజీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కథ బాగోలేదనో, తియ్యడం రాలేదనో అంటే పోట్లాడేది. ఆయన టీ పోసి ఇచ్చాడు. "ఖమాసీన్ తల్లీ... నువ్వేం చేస్తావు, నేనేం చేస్తాను? నీ అదృష్టం ఊళ్లోవాళ్లకే రాసిపెట్టి ఉంది."

"మీరు చూశారా హాజీ గారూ?"

"ఆ దుమ్ములో ఎక్కడ చూసేది? సరేగానీ, ఆదివారం మా అక్క కొడుకు సినిమా మొదలు. పెందలాడే రా."

*

మళ్లీ బూలాక్ వీధి.

దూడ నెత్తురు. టీ గ్లాసుల మోత. హాజీ మేనల్లుడు కొత్త తోలు కోటు వేసుకుని డైరెక్టర్ కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీ వాడికి మేనమామ వరసలో వచ్చింది. ఆ అదృష్టానికి మాత్రం ఎవరి క్లాపూ అక్కర్లేదు.

రావియా చేతిలో బోర్డు. రెండు చెక్కల మధ్య జానెడు ఖాళీ.

అందరూ ఆమె ముఖం వైపు తిరిగారు.

పక్క మేడ మీద పావురాలు వరసగా కూర్చుని ఉన్నాయి. కదలడం లేదు. ఇన్నేళ్లూ ఇలాగే... తను కొడితే అవి లేచేవి. తను కొట్టబట్టే లేస్తాయని ఆమె కూడా నమ్మింది.

చెయ్యి ఎత్తింది.

కొట్టలేదు.

కొట్టకముందే పావురాలు లేచాయి.

అన్నీ. ఒక్కసారిగా. ఏ చప్పుడూ లేకుండానే. వీధి మీదుగా వచ్చి, ఎండకు ఎదురుగా పోయి — ఆమెకు తెలుసు. ఎటు తిరుగుతాయో తెలుసు. ఎక్కడ మెరుస్తాయో తెలుసు. ఆ సాయంత్రాలన్నీ కళ్లలోనే ఉన్నాయి.

"కెమెరా పైకి తిప్పు," అంది.

గట్టిగా అనలేదు. అయినా వీధి మొత్తానికి వినపడింది.

కెమెరా మనిషి ఆమె వైపు చూశాడు. తర్వాత కుర్చీ వైపు చూశాడు.

"ఏంటే అది? కొట్టు తల్లీ, వేళ దాటిపోతోంది!" అన్నాడు హాజీ.

ఆమె బోర్డు దించలేదు. చెక్కలు కలపలేదు. ముఖం మాత్రం పైకెత్తింది.

ఆకాశంలో రెక్కలన్నీ ఒక పక్కకు ఒరుగుతున్నాయి...

రెండు చెక్కల మధ్య జానెడు ఖాళీ అలాగే ఉంది.