మధ్యాహ్నాల కోసం

"అయితే వచ్చే నెల నుంచి మధ్యాహ్నం కూడా వేడివేడి అన్నమేనన్నమాట," అన్నాడు భర్త. ఆమె వంగి గిన్నె అడుగున మాడు గీకుతోంది. ఉద్యోగం గడువుకు ముందే మానేస్తున్నానని చెప్పడానికి ఆమె చాలా రోజులుగా మాటలు కూడగట్టుకుంది. ఎందుకని అడుగుతాడేమోనని భయపడింది. అడగలేదు. గండం గడిచిందనుకుంది. తర్వాత, అడగకపోవడమే ముల్లులా గుచ్చుకుంది.

ఆమెది పెద్దాసుపత్రి బట్టల గదిలో కుట్టుపని. ఆ గదిలో ఏ గుడ్డకీ సెలవుండదు. దుప్పటి నడుమ పలచబడితే నిలువునా చీల్చి, గట్టిగా ఉన్న అంచులను నడుమకు తెచ్చి కుడతారు. అదీ చిరిగితే దిండు గలీబులవుతుంది, ఆ తర్వాత పసిపిల్లల పొత్తిగుడ్డలు, చివరికి నేల తుడిచే పీలికలు. పక్క మిషన్ మీద కుట్టే ఆవిడను అందరూ పొడుగక్క అనేవాళ్లు. "మన బతుకూ ఇంతేనే. అంచులు నడుమకి తెచ్చి ఇంకో పదేళ్లు వాడేస్తారు," అని పళ్లతో దారం తెంపుతూ నవ్వేది. పన్ను కట్టించుకోవడం, చెల్లెలి ఊరు చూసి రావడం, తనివితీరా నిద్రపోవడం, అన్నిటికీ ఆవిడ దగ్గర ఒకటే మాట: "దిగిపోయాక చూద్దాంలే." పూర్తి గడువు దాకా పనిచేసి దిగిపోయింది. నెల తిరక్కుండానే ఒక ఉదయం స్నానాల గదిలో పీట మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయింది.

ఆ తర్వాతే ఆమె తన ఆయాసం సంగతి డాక్టరమ్మకు చెప్పింది. మెట్లెక్కితే నడివయసులో ఎవరికైనా వచ్చేదేలే అనుకుంది అంతవరకూ. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, గుండె కండరం బలహీనపడిందని చెప్పింది. "మందులతో చాలా ఏళ్లు బాగానే ఉండొచ్చు. ఉండకపోనూవచ్చు. నేను మాటివ్వలేను. బరువులెత్తకండి. అలిసిపోకండి."

"అలిసిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలమ్మా?" అంది ఆమె. వెటకారం కాదు, నిజంగా తెలియకే అడిగింది.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. గర్భసంచి తీయించుకుని వచ్చినప్పటి సంగతి ఆమె మరిచిపోలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లతో భర్త, "ఈవిడకేం, మహారాణిలా పడుకుంది. హోటలు తిండి తిని మా నోళ్లే చచ్చిపోయాయి," అంటే అందరూ నవ్వారు. కుట్లు లాగుతున్నా ఆమె కూడా నవ్వింది. తన ఒంట్లో పుట్టిన జబ్బు కూడా తనది కాదని, అది ఇంట్లోవాళ్లకు వచ్చిన ఇబ్బంది అని అప్పుడే తెలుసుకుంది. ఇప్పుడు ఆమె అడుగుతున్నది ఎక్కువేం కాదు. మధ్యాహ్నాలు. సొంత ఇల్లు మధ్యాహ్నం పూట ఎలా ఉంటుందో ఆమె సరిగ్గా చూడనే లేదు. సెలవు పెట్టిన రోజులన్నీ ఎవరి జ్వరానికో, ఎవరి పరీక్షలకో పోయాయి. భోజనాలయ్యాక వెనక గదిలో తలుపు మూసుకుని, కిటికీలోంచి పడిన ఎండ గోడ మీద మెల్లగా జరుగుతుంటే చూస్తూ, నిద్రొస్తే నిద్రపోయి, రాకపోతే ఊరికే పడుకుని ఉండాలి. ఇంకెన్ని మిగిలి ఉంటే అన్ని మధ్యాహ్నాలు.

ఉద్యోగం మానేస్తున్న కబురు మాత్రం అందరికీ చేరింది. "మంచి పని చేశావమ్మా, పాపని క్రెష్ మాన్పించేస్తాం," అన్నాడు కొడుకు. "మీరుంటే నాకెంత ధైర్యమో అత్తయ్యా," అని కోడలు భుజం మీద తల ఆనించింది. ఆ పిల్ల ప్రేమగానే అంది. అందుకే కాదనడం ఇంకా కష్టమైంది. ఆడపడుచు ఫోన్లో, "వదినా, నీ రుణం తీర్చుకోలేను. అమ్మని ఆదివారం తెచ్చి దింపుతాను," అంది. దింపమని ఎవరన్నారని ఆమె అడిగేలోపే భర్త వెనకనుంచి, "నేనే చెప్పాను. ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా," అన్నాడు.

ఆమె పని మానేశాక మొదటి ఆదివారమే అత్తగారు వచ్చారు. తుంటి విరిగినప్పటినుంచి మనిషి పట్టుకుంటే తప్ప లేవలేరు. వచ్చి కూర్చుంటూనే, "నన్ను బంతిలాగ ఇటు విసిరి అటు విసిరి ఆడుకుంటున్నారే," అన్నారు ఆమెతో. ఆడపడుచు ఎలా లేపాలో, పక్క ఎలా మార్చాలో వదినకొక్కదానికే చూపించి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. భర్త ఆ పక్కనే కుర్చీలో ఉన్నాడు. ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయి నాలుగేళ్లయింది. దిగిన రోజున ఇల్లంతా ఒక్క గొంతుతో, ఇక విశ్రాంతి తీసుకోవాలంది. ఆయన ఆ మాట ఇంతవరకూ జవదాటలేదు.

భోజనాలయ్యాక, "అమ్మాయ్, కాస్త లేపవే, నడుం పట్టేసింది," అన్నారు అత్తగారు. ఆమె వెళ్లి, వంగి, చంకల కింద చేతులు పెట్టింది. ఎముకలే కదా అనుకుంటే ఎముకలకే ఎంత బరువో. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంది. గోడ పట్టుకుని ఊపిరి కుదురుకునేదాకా నిలబడింది. పొడుగక్క పీట మీద ఒరిగిపోయేముందు కూడా ఇలాగే గోడ కోసం తడుముకుందేమో.

"మీరిలా రండి," అంది భర్తతో.

"ఏం, ఏమైంది?"

"రండి. చేతులు ఇక్కడ పెట్టండి. నడుం కాదు, మోకాళ్లు వంచండి. అత్తయ్యా, మీరు ఆయన మెడ పట్టుకోండి."

"వాడికేం చేతనవుతుందే? చిన్నప్పుడు మంచినీళ్ల చెంబే ఒలకబోసేవాడు, నన్నేం లేపుతాడు," అన్నారు అత్తగారు.

"నేర్చుకుంటారు. మీకు పక్క మార్చడం, పాపకి పాలు కలపడం, అన్నం వండడం, అన్నీ ఆయనకి నేర్పుతాను. మధ్యాహ్నాలు మాత్రం నేను పడుకుంటాను. నన్ను లేపొద్దు."

భర్త ఎలాగో తల్లిని లేపి కూర్చోబెట్టి చెమట తుడుచుకున్నాడు. "ఈ వయసులో నాకివన్నీ అవసరమా? నువ్వుండగా నాకెందుకు?" అన్నాడు.

ఆమె అత్తగారి వీపు వెనక దిండు సర్దుతూ, గొంతు పెంచకుండానే చెప్పింది.

"నేనుండగానే నేర్చుకోండి. తెలియంది అడగడానికి మనిషుంటుంది."

భర్త నవ్వబోయి ఆగిపోయాడు. అత్తగారు దిండు మీద ఉన్న ఆమె చెయ్యి పట్టుకున్నారు. వదల్లేదు.