తాళంచెవి డబ్బా

ఆసుపత్రి వాళ్ళూ, ఇళ్ళకి సాయం మనుషుల్ని పంపే ఊరి కౌన్సిల్ వాళ్ళూ కలిసి పనిచేయడం నేర్చుకోవాలని మాకు నాయకత్వ శిక్షణ పెట్టారు. వార్డు నర్సునైన నన్నూ రమ్మన్నారు. ఒక్కో బల్లకీ పుల్లల్లా ఉండే ఎండు స్పఘెట్టీ ఇంత ఇచ్చి, అందరూ కలిసి గోపురం కట్టండంది శిక్షకురాలు ఫెలిసిటీ.

మా బల్ల దగ్గర ఆసుపత్రి మేనేజరు డంకన్, కౌన్సిల్ అధికారిణి హిల్డా ఉన్నారు. మా వార్డులో ఆర్నాల్డ్ తాతకి జబ్బు నయమై పంతొమ్మిది రోజులైనా ఇంటికి పంపలేకపోతున్నాం. ఒంటరివాడు, లేచి తలుపు తీయలేడు. ఇంటికొచ్చి చూసుకునే మనిషి లోపలికి వెళ్ళాలంటే, ఆయన గుమ్మం పక్కన తాళంచెవి దాచే డబ్బా బిగించాలి. అది మీ పనంటే మీ పనని వీళ్ళిద్దరూ ఇన్నాళ్ళూ ఉత్తరాలు రాసుకుంటున్నారు. ఇప్పుడేమో నవ్వుకుంటూ గోపురం కడుతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఆ పుల్లలు అవతల పడేసి, డబ్బా ఎవరు బిగిస్తారో చెప్పండి."

"ఇక్కడ కూడా అదేనా లోరెయిన్? దానికో పద్ధతుంది," అన్నాడు డంకన్.

"మీ పద్ధతి పుణ్యమా అని తాత మంచంలో పడుండి నడకే మర్చిపోతున్నాడయ్యా! తేలేదాకా ఎవరికీ టీ లేదు."

బల్ల మీది టీ ట్రే లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను. మా యార్క్‌షైర్‌లో టీ ఆపితే రాళ్ళయినా కరుగుతాయి.

"డబ్బా మీరివ్వండి, మధ్యాహ్నానికి మా మనిషి బిగిస్తాడు," అంది హిల్డా. డంకన్ తలూపాడు. అక్కడే ఆ మాట కాగితం మీద రాసి ఇద్దరిచేతా సంతకాలు పెట్టించాను.

"గోపురం కట్టనిదే సర్టిఫికెట్ ఇవ్వలేను లోరెయిన్," అంది ఫెలిసిటీ.

"వాళ్ళకివ్వమ్మా, నాయకులు కదా! నేను పోయి తాతకి బూట్లు తొడగాలి."