తల్లిగారింటి చీర

మా చెల్లె గంగమణి గుండె ఆగి పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు ఎత్తుతున్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని ఇంకో రెండు బస్తాలు లారీలోకి ఎత్తాను. ఏడుపు రాలేదు. ఆరేళ్లుగా మాటల్లేని మనిషి కోసం ఏడుపు ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?

మా తగాదా నాయిన పదో దినం నాడు మొదలైంది. "ఇగ మనకు తండ్రి లేకపాయె చెల్లె" అని నేను కుమిలిపోతుంటే, అప్పటికే చర్చికి పోతున్న ఆ మహాతల్లి, "నాకు తండ్రి ఉన్నడన్నా, పైనున్నడు" అంది. నాయిన పోయి పది రోజులే, అప్పుడే ఇంకో తండ్రిని తెచ్చుకుంది.

"గట్లయితే గా తండ్రింటికే పో. గీ గడప తొక్కకు" అన్నాను. మళ్లీ తొక్కలేదు.

ఉండేది నాలుగు గల్లీల అవతలే. దారిలో ఎదురైతే నేను మొహం తిప్పుకునేవాణ్ణి. తను మాత్రం "బాగున్నవా అన్నా" అనేది. మొదటి రెండేళ్లు ఆ మాట పళ్లు కొరుక్కుంటూ అనేది. మా ఇంటి కోపం నాకు తెలియదా? తర్వాత్తర్వాత నిజంగానే అడుగుతున్నట్టు ఉండేది. దానికి నాకు ఇంకా మండేది. ఒక్కసారి కూడా జవాబివ్వలేదు.

మొహం చూసి వద్దామని వట్టి చేతులతో పోయాను. మా వైపు ఆడమనిషి పోతే తల్లిగారింటి నుంచి అన్నో తమ్ముడో తెచ్చిన చీర కప్పాకే శవాన్ని లేపుతారు. చర్చివాళ్లే ఏదో ఒకటి కప్పేసి ఉంటారనుకున్నాను. వెళ్లేసరికి మధ్యాహ్నం మూడు. బావ తుకారాం గోడకానుకుని కూర్చున్నాడు. గంగమణి ఇంకా ఐస్ పెట్టెలోనే ఉంది. పక్కన చర్చి పెద్దామె ఆశమ్మ.

"ఇంకా లేపలే?" అన్నాను.

"నీ చీర రాలే గద బిడ్డా" అంది ఆశమ్మ. " మా అన్న చీర తెచ్చేదాక నన్ను లేపొద్దని ఎన్నడో చెప్పిపెట్టింది."

నాకు ఒళ్లు మండింది. "మీరే కప్పకపోయిన్రా? ఆమె తండ్రింటోళ్లు మీరే గద."

ఆశమ్మ గొంతు పెంచలేదు. "గా పైనున్నాయన ఆమెకు తండ్రయితే, ఆమె తోడబుట్టినోనివి, నీకేం వరసైతడు? గా వరసతోనే నీ కోసం రోజూ ప్రార్థన చేస్తుండె. ముందుగాల నీ మీద తన కోపం పోవాలని అడిగింది. అది పోయేటందుకే రెండేండ్లు పట్టింది. అప్పటిసంది నీ కోపం పోవాలని అడుగుడు షురూ జేసింది."

నేను చెప్పులేసుకుని బయటికొచ్చాను.

బజారుకు పోయాను. దుకాణంలో ఏ రంగు కావాలని అడిగారు. చెల్లెకు ఏ రంగు ఇష్టమో గుర్తు రాలేదు. ఎంతసేపు నిలబడ్డా గుర్తు రాలేదు. తెల్లది ఇమ్మన్నాను. మామూలుగా చీర మీద పసుపు కుంకుమ పెట్టి తీసుకుపోతాం. బాప్తిస్మం తీసుకున్నాక తను అవి ముట్టలేదు. నేను కూడా కొనలేదు. నా చేతులు చూసుకుంటే మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. బయట నల్లా కింద సబ్బు అరిగేదాకా రుద్దాను. ఇరవై ఏళ్ల పసుపు, ఎక్కడ పోతుంది?

చీర నా చేత్తోనే కప్పించారు. అంచు మీద నా వేళ్లు పడ్డచోట పచ్చగా అంటుకుంది.

"కడిగిన. పోలేదు" అన్నాను.

"ఉండనీ బిడ్డా. అన్న చెయ్యే గద" అంది ఆశమ్మ.

కళ్లు పొడిగానే ఉన్నాయి. మొహం దగ్గరికి వంగాను.

"బాగున్న చెల్లె" అన్నాను.

బావ తలెత్తి నా వైపు చూశాడు. అప్పుడు లేపారు.