రెండు కూతలు

మీట నొక్కి కోడలు చెవులు రిక్కించింది. కంప్యూటర్ లోపల ఫ్యాను తిరిగింది. కుయ్, కుయ్ అని రెండు కూతలు. ఆపైన ఉలుకూ పలుకూ లేదు.

"మళ్లీ మొండికేసిందా?" అంది అత్తగారు పక్కకొచ్చి నిలబడుతూ.

"వేసింది అత్తయ్యా. తెర మీదేముందో చూడండి."

"నల్లటిదాని మీద తెల్లటి ఇంగ్లీషు. నా ఇంగ్లీషు సబ్బుపెట్టె దగ్గరే ఆగిపోయిందిగా."

కోడలికి చూపు లేదు. డాక్టర్లు రికార్డు చేసి పంపే రిపోర్టులు విని టైపు చేయడం ఆమె ఉద్యోగం. తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతొకటి కంప్యూటర్లో ఉంది గానీ, యంత్రం పూర్తిగా లేచాకే అది నోరు విప్పుతుంది. నెల రోజులుగా పొద్దున్నే ఇదే తంతు. అన్ని మీటలూ నొక్కగా నొక్కగా ఎప్పటికో పలికేది. ఇంకొక్కసారి పని మొదలుపెట్టేసరికి ఎనిమిది దాటితే పని వేరేవాళ్లకిచ్చేస్తామని సూపర్‌వైజరు నిన్ననే చెప్పేసింది.

ఇవాళ సెలవు. అందుకే ఇంకే మీటా ముట్టుకోకుండా మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"రెండు సాయంత్రాలొచ్చాను కదమ్మా, శుభ్రంగా ఉంది. మీరే ఏదో తప్పు మీట నొక్కుతున్నారు," అంటూనే వచ్చాడతను.

"నొక్కలేదు. దాన్నలాగే ఉంచాను, చదవండి."

అతను వంగి చదివాడు. గొంతు తగ్గింది. "సెట్టింగులు పోయాయట. ముందుకెళ్లాలంటే ఎఫ్-వన్ నొక్కమంటోంది. లోపలి బిళ్ల బ్యాటరీ చచ్చిపోయినట్టుంది. కానీ కరెంటు అందుతున్నంతసేపూ సెట్టింగులు పోవే. రాత్రిపూట గోడ స్విచ్ ఎవరైనా ఆపేస్తున్నారా?"

కోడలికి ఆ సంగతి వారం కిందటే తట్టింది. అత్తగారు కూతురింటికి వెళ్లిన రెండు రోజులూ పొద్దున ఒకే కూత వినిపించి, యంత్రం వెంటనే లేచింది. పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి ప్రతి స్విచ్చూ ఆపందే ఆవిడకు నిద్రపట్టదు. ఆ మనిషే పొద్దున్నే పక్కన కూర్చుని, ఆ అక్షరాలు చదవలేకపోతున్నందుకు తనను తాను తిట్టుకునేది. ఆ మాట ఆవిడతో ఎలా అనడం?

"నేనే ఆపుతున్నాను," అంది కోడలు.

"అబద్ధమాడ్డం నీకు చేతకాదు, ఊరుకో," అంది అత్తగారు. మెకానిక్ వైపు తిరిగి, "నేనే బాబూ. నెలరోజులూ పిల్ల చేత చీవాట్లు తినిపించాను," అంది.

"బిళ్ల మారిస్తే చాలమ్మా. అయితే ఇవాళ కొట్లు తియ్యరు, నా దగ్గరా లేదు."

అత్తగారు లోపలికెళ్లింది. సొరుగు తెరిచిన చప్పుడు, బల్ల మీద ఏదో పెట్టిన చప్పుడు.

"నా షుగరు చూసుకునే మిషను. ఇందులోనూ బిళ్లే వేస్తారుగా. సరిపోతుందేమో చూడు."

"సరిగ్గా ఇదే సైజు," అన్నాడు మెకానిక్.

"మరి రేపు మీ షుగరు?" అంది కోడలు.

"ఒక్కపూటకి ఎక్కడికీ పారిపోదులే. కొట్టు తెరవగానే ఇంకోటి తెచ్చుకుందాం."

ఆ రాత్రి అత్తగారు కంప్యూటర్ గది దాకా వచ్చి ఆగిపోయింది.

"ఎప్పట్లాగే ఆపెయ్యండి అత్తయ్యా. కొత్త బిళ్ల ఉందిగా."

"నీ ఉద్యోగంతో పరాచికాలా?"

"గంట ముందే లేస్తాను. అడ్డం తిరిగినా ఎఫ్-వన్ ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు."

స్విచ్ టక్కుమంది.

పొద్దున ఏడింటికి కోడలు మీట నొక్కింది. భుజం మీద అత్తగారి చెయ్యి బిగుసుకుంది. ఫ్యాను తిరిగింది. కుయ్.

రెండోదాని కోసం ఆ చెయ్యి అలాగే కాసేపు ఎదురుచూసి, తర్వాత మెల్లిగా సడలింది.