తీసేసినా ఏం కాదు

ఆసుపత్రిలో నన్ను చీపురమ్మ అంటారు, కంప్యూటర్లలో చెత్త ఊడుస్తాను కాబట్టి. మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత అలవాటైపోయింది. పదకొండేళ్లుగా ఇదే పని, ఈ ఆసుపత్రి ఒక్కటే కాదు, ఎవరు పిలిస్తే అక్కడికి పోతాను. ఏ ఫైలు తీస్తే మిషను మొరాయిస్తుందో, ఏది తీస్తే హాయిగా ఊపిరి పీల్చుకుంటుందో చూడగానే చెప్పేస్తాను. నా నోటుబుక్కు మొదటి పేజీలో ఒక జాబితా ఉంది. పైన ఎర్ర సిరాతో ‘తీసేసినా ఏం కాదు’ అని రాసుకున్నాను. అందులో రెండోది లాగ్ ఫైళ్లు. ఏ పూట ఏం జరిగిందో మిషను తనకు తానే రాసుకునే డైరీలవి. వాటిని ఎవరూ చదవరు. ఈ పని నేర్చుకుంటామని వచ్చిన వాళ్లకు కూడా అదే పాఠం చెప్పాను, కొంచెం గర్వంగానే.

ఆసుపత్రిలో ఈ పని ఇప్పించింది మా పెదనాన్న. అక్కడ రెండో లిఫ్టు ఆయనే నడుపుతాడు. మంచాలూ చక్రాల కుర్చీలూ ఎక్కే పెద్ద లిఫ్టు అది. మూలన స్టూలు వేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందులోనే ఉంటాడు. “రోజుకి వందసార్లు పైకి పోయి తిరిగొచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే” అని ఎక్కిన ప్రతివాడికీ చెబుతాడు. మా నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. ఆయన లేకపోతే నాకు పుట్టిల్లు లేదు.

ఆ రోజు పదకొండింటికి మేనేజరు ఫోన్ చేశాడు. లిఫ్టుల గదిలో కంప్యూటర్ మళ్లీ నిండిపోయిందట, చెవులు చిల్లులు పడేలా కూస్తోందట. నాకు చిరాకేసింది. దాన్ని ఊడ్చి నెల కూడా కాలేదు. అంతకుముందు ఏడాదికోసారి నిండేది, ఆ తర్వాత ఆరు నెలలకి, ఆ పైన మూడు నెలలకి. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆ గది కింది అంతస్తులో, జనరేటరు పక్కన ఉంటుంది. కిటికీ లేదు. కంప్యూటర్ తెరిచి చూస్తే ఒక్క లాగ్ ఫైలే డిస్కంతా మింగేసింది. నా వేలు దానంతట అదే డిలీట్ మీదికి పోయింది. కానీ ఇంతలా ఏం రాసుకుంటోంది ఇది, తిట్టడానికైనా ఒకసారి చదవాలి కదా అనిపించింది. తెరిచాను.

ఎంత కిందికి పోయినా ఒకటే మాట. రెండో లిఫ్టు, బ్రేకు పూర్తిగా పట్టలేదు, ఇన్ని మిల్లీమీటర్లు జారింది. అన్నీ సవ్యంగా ఉంటే ఈ మిషను నోరెత్తదు, తేడా వస్తేనే రాస్తుంది. ఫైలు మొదట్లో జారింది మూడు. సగానికి వచ్చేసరికి పదకొండు. ఆ పొద్దుటివి ఇరవై రెండు, ఇరవై ఆరు. నేను చూస్తుండగానే అడుగున కొత్త వరస పడింది. ముప్పై ఒకటి.

పెదనాన్నకి ఫోన్ చేశాను. లిఫ్టులో సిగ్నల్ అందదు. మేనేజరు గదికి పరుగెత్తి ఆ లిఫ్టు వెంటనే ఆపించమన్నాను. ఆయన తాపీగా కళ్లద్దాలు తుడుచుకుని, లిఫ్టు కంపెనీ మెకానిక్ కిందటి నెలే వచ్చి చూసి సంతకం పెట్టాడన్నాడు. ఏం చూసి పెట్టాడని అడిగాను.

“కంప్యూటర్లో ఫైలు చూశాడమ్మా. అందులో ఒక్క తప్పు కూడా లేదన్నాడు.”

“ఎప్పుడు వచ్చాడు సార్?”

“మీరు శుభ్రం చేసి అటు వెళ్లారో లేదో, ఇటు వచ్చాడు.”

అతను చూసింది నేను ఊడ్చేసిన ఖాళీ ఫైలు. ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. లిఫ్టు ఆపే స్విచ్చు మేడ మీది గదిలో ఉందని, తాళం ఎలక్ట్రీషియన్ దగ్గరుందని, పైవాళ్లను అడగాలని. నేను వినలేదు. మెట్ల వైపు పరుగెత్తాను.

రెండో అంతస్తులో లిఫ్టు తలుపు పక్కన అంకె ఆరు చూపిస్తోంది. బటన్ నొక్కాను. నొక్కాకే తట్టింది. బ్రేకు పట్టాల్సింది ఆగేటప్పుడే. దాన్ని ఇక్కడ ఆపుతున్నది నేనే. అయిదు, నాలుగు, మూడు. తలుపులు తెరుచుకున్నాయి. చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ, వెనక నర్సు, మూలన స్టూలు మీద పెదనాన్న. లిఫ్టు గచ్చు బయటి గచ్చు కంటే నాలుగు వేళ్లు ఎత్తున ఆగి ఉంది.

ఏమీ చెప్పకుండా కుర్చీని రెండు చేతులా పట్టి బయటికి లాగాను. ముసలావిడ కెవ్వుమంది. నర్సు నన్ను తిడుతూ వెనకే దిగింది. పెదనాన్న మాత్రం లేవలేదు.

“ఏంటే ఈ పిచ్చి పని? పేషెంటమ్మా ఆవిడ.”

“పెదనాన్నా, నీకు దణ్ణం పెడతాను, ముందు దిగు.”

నా మొహంలో ఏం కనిపించిందో, గొణుక్కుంటూ లేచాడు. ఒక కాలు బయట పెట్టాడు. రెండోది పెట్టాడు. స్టూలు తెచ్చుకుందామని వెనక్కి తిరిగాడు. చొక్కా పట్టుకుని ఆపాను.

తలుపులు తెరిచి ఉండగానే ఖాళీ లిఫ్టు పైకి కదిలింది. ఏ చప్పుడూ లేదు. గచ్చు మా మోకాళ్ల దాకా వచ్చింది, నడుము దాకా వచ్చింది, దాని మీద స్టూలు అలాగే ఉంది. కింద నల్లటి గొయ్యి తెరుచుకుంది. చూస్తుండగానే స్టూలు కాళ్లు కూడా పైకి పోయాయి. కాసేపటికి ఎక్కడో పైన ఢామ్మని మోగింది, గోడలు అదిరాయి.

పెదనాన్న గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. తాడుకి అవతలి కొసన వేలాడే దిమ్మ బరువు ఎక్కువ కదా, బ్రేకు వదిలేస్తే ఖాళీది పైకే పోతుంది అని నెమ్మదిగా చెప్పాడు, నాకు పాఠం చెబుతున్నట్టు. తర్వాత నా వైపు చూశాడు.

“ఎప్పట్నుంచి చెబుతోందే, ఆ మిషను?”

నాకు ఏడుపొచ్చింది. “తెలీదు పెదనాన్నా. చెప్పిన ప్రతిసారీ నేనే తీసేశాను.”

ఆయన తల తిప్పి గొయ్యి వైపు చూశాడు. తిట్టినా బాగుండేది.

మేనేజరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. గొయ్యి చూశాడు, నన్ను చూశాడు. ఆ ఫైలు ఇంకా ఉందా అని గొంతు తగ్గించి అడిగాడు. ఉందని, ఉంటుందని చెప్పాను.

అప్పుడు సంచిలోంచి నోటుబుక్కు తీశాను. వెనక పేజీల్లో నేను ఊడ్చిన చోట్లన్నీ ఉన్నాయి, తేదీలతో, ఫోన్ నంబర్లతో సహా. పదిహేడు చోట్లు. మంచినీళ్లు శుద్ధి చేసే ప్లాంటు. గ్యాసు సిలిండర్లు నింపే చోటు. రైల్వే గేటు దగ్గరి గది. ప్రతిదాని ఎదుటా నా గుండ్రటి అక్షరాలే, లాగ్ ఫైళ్లు తీసేశాను, టిక్కు.

మొదటి నంబరుకి ఫోన్ చేశాను. రింగవుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.