ముందు వరస గోలీలు

సీమోనుకు ఎవరినీ ఊరికే నమ్మే అలవాటు లేదు. పాలు పోసేవాడి కొలత, బస్సు కండక్టరు చిల్లర, ఆఖరికి చర్చిలో పాస్టరు చదివే వాక్యం కూడా తన కళ్లతో సరిచూసుకోవలసిందే. అలాంటి మనిషి దుబాయిలో పద్నాలుగేళ్లు ఓ పెద్ద దుకాణంలో అరలు సర్ది, నిర్మల్ దగ్గరి సొంతూరికి తిరిగొచ్చాక సర్కారు దవాఖాన మీద కన్ను పడకుండా ఉంటుందా?

పడింది. ఏప్రిల్లో భార్య ఆనందమ్మకు నెలకు సరిపడా బీపీ గోలీలు ఇస్తూ, ఫార్మసిస్టు జమున ముందు వరసలోంచి మూడు షీట్లు తీసింది. సీమోను కళ్లజోడు సవరించుకుని డేటు చదివాడు. మే నెలాఖరుతో సరి! వెనక వరసలో కొత్త డబ్బాలు నిగనిగలాడుతున్నాయి. పాతవి పేదోళ్లకు అంటగట్టి, కొత్తవి బయట అమ్ముకుంటోందని అక్కడికక్కడే మనసులో తీర్పు చెప్పేశాడు.

ఇంటికి రాగానే షీట్లు లాక్కున్నాడు.

"గివ్వి మింగకు. గివ్వే నాకు సబూతు. సోమవారం ప్రజావాణికి పోయి, అర్జీ ఇచ్చి కలెక్టరు ముంగట పెడత."

"మరి నేనేం మింగాలె?"

"నిర్మల్ల మంచియి కొనుక్కొస్త తియ్యి."

కొనుక్కొచ్చి ఉంటే ఈ కథే లేదు. ఒక్క నెల సాక్ష్యం చాలదనుకున్నాడు మహానుభావుడు. మే ఒకటిన ఇచ్చిన షీట్లు, అవీ అదే డేటువి, ఇనుప పెట్టెలో చేరాయి. నిర్మల్ ప్రయాణం మాత్రం రేపు, ఎల్లుండి అంటూ జరుగుతూ పోయింది. తల తిరుగుతోందని ఆనందమ్మ అంటే ఎండల మీదికి నెట్టాడు.

జూన్ మొదటి సోమవారం మళ్లీ ఇద్దరూ దవాఖానకు వెళ్లారు. అటునుంచే ప్రజావాణికి పోవాలని ఆరు షీట్లూ సంచిలో పెట్టుకున్నాడు సీమోను.

డాక్టరు బీపీ చూసి కనుబొమలు ముడిచాడు. "రోజూ గోలీ వేసుకుంటున్నదా?"

ఆనందమ్మ మొగుడి వైపు చూసింది. గుట్టు బయటపడితే పట్టుకున్న దొంగ జారిపోతుందని సీమోను భయం. "ఏస్కుంటది సారూ. నేనే దగ్గరుండి ఏపిస్త" అన్నాడు.

"అయితే ఇది సరిపోతలేదు. ఇకనుంచి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి."

సీమోనుకు ఒళ్లు మండింది. పాత సరుకు వదిలించుకోవడానికి ఇదో ఎత్తన్నమాట! నేరుగా మందుల కిటికీ దగ్గరికి పోయాడు.

"ముంగటియి వద్దు, ఎన్కటియి తియ్యి. గీ నాటకం నాకెర్కే. దుబాయిల నేను చేసిందే."

జమున కోపం తెచ్చుకోలేదు. "ఆడ ముంగట ఏం పెడుతుంటివి కాకా?"

"డేటు దగ్గరపడ్డ పాల డబ్బాలు."

"పాడైనయా?"

"పాడైనయెందుకైతయ్? అవి ముందుగాల పోకుంటే ఎన్కపడి పారబోసుడే గదా. మేం గూడ అవే తాగుతుంటిమి."

తన నోటి మాట తన చెవినే పడి సీమోను ఆగిపోయాడు.

"గదే కాకా," అంది జమున. "నెల గోలీలు డేటు లోపటనే అయిపోతయి. కొత్తయి ముందిస్తే పాతయి పెట్టెలకు పెట్టెలు నాశనమైతయి."

సిగ్గుతో కిటికీ మీంచి చూపు తిప్పుకున్నాడు. అంతలో భార్య చేతిలోని చీటీ కనపడింది. రెండు నెలలుగా ఒక్క గోలీ మింగని మనిషికి, తన అబద్ధం విని రాసిన రెండింతల మందు. ఇప్పుడు నిజంగా భయమేసింది. సంచిలోంచి షీట్లు తీసి కిటికీలో పెట్టాడు.

"ఒక్కటి గూడ ఏస్కోలే. నేనే ఏస్కోనియ్యలే. సారుకు అబద్ధం చెప్పిన."

జమున ఓ షీటు తిప్పి చూసింది. "ఇచ్చిన్నాడు మంచిగుండె కాకా. ఇప్పుడైతే నిజంగనే డేటు దాటింది." ఆరింటినీ పనికిరాని మందుల పెట్టెలో పడేసి, చీటీ పట్టుకుని డాక్టరు గదిలోకి పరుగెత్తింది.

రెండింతలు కొట్టేసి, డాక్టరు మళ్లీ రోజుకొకటే రాశాడు. జమున ముందు వరసలోంచి మూడు షీట్లు తీసి ఇచ్చింది. సీమోను చెయ్యి చాపాడు.

ఆనందమ్మ అతని చెయ్యి పక్కకు నెట్టి తనే అందుకుంది. ఒకటి అక్కడే మింగి, మిగతావి కొంగున ముడేసుకుంది.

"నీ చేతికియ్య," అంది. "నాకు నీ మీద నమ్మకం లేదు."